ఆరోగ్యంగా కనిపించే పెద్దవయసు పిల్లిని వైద్యుడికి చూపించడం: ఎందుకు, ఎలా, ఏయే పరీక్షలు

మీ ప్రశ్న సారాంశం ఇది. పదమూడేళ్ళ ఆడపిల్లి. పిల్లలు పుట్టకుండా ఎప్పుడో ఆపరేషన్ అయింది, ఇల్లు దాటి బయటకు వెళ్ళదు, బాగానే తింటోంది, తిరుగుతోంది. బోను కనిపిస్తే చాలు మంచం కిందకు దూరుతుంది, పోయినసారి భయంతో పరీక్ష బల్ల మీదే మూత్రం పోసింది. ఏ జబ్బూ లేనప్పుడు మామూలు పరీక్ష కోసం దాన్ని ఇంత హింస పెట్టాలా, తీసుకెళ్తే ఏయే పరీక్షలు అడగాలి, ఇంట్లో ఉన్న రెండో పిల్లి సంగతేమిటి అని అడిగారు. పెంపుడు జంతువుల వైద్యంలో చాలాకాలంగా, అందులోనూ ఎక్కువగా పిల్లులతోనే పనిచేస్తున్నాను కనుక నాకు తెలిసినంతలో చెబుతాను. తీసుకెళ్ళాలి, వీలైతే ఆరు నెలలకొకసారి తీసుకెళ్ళాలి. కాకపోతే తీసుకెళ్ళే పద్ధతి మారాలి.

పిల్లికి పదేళ్ళు దాటితే వృద్ధాప్యం కిందే లెక్క. అమెరికాలోని ఏఏహెచ్‌ఏ, ఏఏఎఫ్‌పీ అనే పశువైద్య సంఘాలు 2021లో కలిసి వెలువరించిన మార్గదర్శకాలు కూడా ఈ వయసు పిల్లులను కనీసం ఆరు నెలలకొకసారి పరీక్షించాలనే చెబుతున్నాయి. ఈ వయసులో వచ్చే జబ్బులు, అంటే కిడ్నీలు మెల్లగా దెబ్బతినడం, థైరాయిడ్ అతిగా పనిచేయడం, బీపీ, మధుమేహం, కీళ్ళ అరుగుదల, పళ్ళ సమస్యలు, ఒక్కరోజులో పైకి తేలవు. పిల్లి నొప్పిని దాచుకుంటుందని అందరూ అంటారు. అది నిజమే గానీ, అంతకన్నా పెద్ద ఇబ్బంది మనవైపే ఉంది: రోజూ చూసే కంటికి నెలల తరబడి జరిగే మార్పు ఆనదు. ఇదివరకు ఒక్క గెంతులో కిటికీ గట్టెక్కే పిల్లి ఇప్పుడు ముందు కుర్చీ ఎక్కి, అక్కడ క్షణం ఆగి, ఆ తర్వాత గట్టెక్కుతుంటే, వయసు మీద పడింది కదా అనుకుని ఊరుకుంటాం. 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పన్నెండేళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలిస్తే 90 పిల్లుల్లో కీళ్ళ అరుగుదల ఆనవాళ్ళు కనిపించాయి. ఆ ఆనవాళ్ళున్న ప్రతి పిల్లికీ నొప్పి ఉంటుందని చెప్పలేం. కానీ గెంతడం తగ్గించిన ముసలి పిల్లిని చూసినప్పుడు బద్ధకం కన్నా ముందు కీళ్ళను అనుమానించడమే సరైనది.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయం. మామూలు పరీక్ష అంటే జబ్బు ఉందో లేదో తేల్చుకుని రావడం అని చాలామంది అనుకుంటారు, ఏమీ లేదని చెబితే డబ్బు, శ్రమ దండగయ్యాయని నొచ్చుకుంటారు. నిజానికి పెద్దవయసు పిల్లికి చేసే పరీక్షలో అత్యంత విలువైన ఫలితం, అది బాగున్న రోజున దాని అంకెలు ఎంత ఉన్నాయో రాతపూర్వకంగా మీ దగ్గర ఉండటమే. ప్రయోగశాల నివేదికలో ‘సాధారణ పరిమితి’ అని ఇచ్చేది ఎన్నో పిల్లుల రక్తం నుంచి తీసిన సగటు హద్దు. మీ పిల్లికి ఏది సాధారణమో అందులో ఉండదు.

ఉదాహరణకు క్రియాటినిన్ తీసుకోండి. కిడ్నీల పనితీరు చెప్పడానికి ఎక్కువగా వాడే అంకె ఇది. కిడ్నీల సామర్థ్యంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పోయేదాకా అది ప్రయోగశాల పరిమితి దాటకపోవచ్చు. పైగా క్రియాటినిన్ కండరం నుంచి వస్తుంది, వయసు మీరిన పిల్లికి కండ తగ్గుతుంది, అందుచేత కిడ్నీ దెబ్బతింటున్నా ఆ అంకె మంచిగానే కనిపిస్తూ మోసం చేస్తుంది. ఒక పిల్లికి పోయిన ఏడాది డెసిలీటరుకు 1.0 మిల్లీగ్రాము, ఈ ఏడాది 1.5 ఉందనుకోండి. రెండు నివేదికల్లోనూ ఆ అంకె పక్కన ఏ గుర్తూ ఉండదు, రెండూ పరిమితిలోనే ఉన్నాయి. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన వైద్యుడు అక్కడ ఆగి మూత్రం పరీక్ష అడుగుతాడు. పాత నివేదిక లేకపోతే ఆ 1.5ను చూసి బాగుందని చెప్పి పంపిస్తారు, అందులో వాళ్ళ తప్పు కూడా లేదు. ఇంకో తిరకాసు ఏమిటంటే, చాలా ప్రయోగశాలలు 2 దాటినా సాధారణమనే రాస్తాయి, కిడ్నీ జబ్బు దశలను నిర్ణయించే ఐరిస్ పద్ధతిలో మాత్రం 1.6 నుంచి 2.8 వరకు రెండో దశ కిందకు వస్తుంది. ఒక్క అంకెను చూసి దశ నిర్ణయించకూడదు. పిల్లి ఒంట్లో నీరు సరిగా ఉన్నప్పుడు మళ్ళీ చేసి, మిగతా ఆధారాలతో కలిపి చూడాలి. కిడ్నీల పనితీరునే చెప్పే ఎస్‌డీఎంఏ అనే మరో రక్తపరీక్ష మీద కండరం ప్రభావం ఉండదు కనుక, అందుబాటులో ఉంటే బక్కచిక్కిన పిల్లులకు అది చేయించడం మంచిది.

బరువు విషయంలోనూ ఇదే లెక్క. 4.6 కిలోల పిల్లి ఏడాదిలో 4.1 కిలోలకు వస్తే పోయింది అరకిలోనే, ఎత్తుకుంటే తేడా కూడా తెలియదు. శాతంలో చూస్తే అది దాదాపు 11. అరవై కిలోల మనిషి ఏ ప్రయత్నమూ చేయకుండా ఆరున్నర కిలోలు తగ్గినంత. మనుషులు నిలబడే తూకం యంత్రం మీద పిల్లిని ఎత్తుకుని నిలబడి, తర్వాత మీ బరువు తీసేసే పద్ధతి వంద, రెండొందల గ్రాముల తేడాను పట్టుకోలేదు, మనకు కావలసింది సరిగ్గా ఆ తేడాయే. పసిపిల్లలను తూచే యంత్రం ఒకటి ఇంట్లో ఉంచుకుని, నెలకోసారి అదే యంత్రం మీద తూచి తేదీతో సహా రాసి పెట్టుకోండి. ఖరీదైన పరీక్షలు చాలావాటి కన్నా ముందు ఈ కాగితమే జబ్బును పట్టిస్తుంది. బాగా తింటూనే బరువు తగ్గుతున్న పెద్ద పిల్లి విషయంలో థైరాయిడ్, మధుమేహం, పేగుల జబ్బు మొదట గుర్తుకు రావాలి. ఆకలి బాగుందని మురిసిపోయి ఈ మూడింటినీ ఆలస్యంగా కనిపెట్టడం తరచుగా చూస్తుంటాను.

బయలుదేరడానికి ఓ వారం ముందు నుంచి ఇంట్లో కొన్ని గమనించండి. నీళ్ళ గిన్నె ఇదివరకటి కన్నా తరచుగా నింపాల్సి వస్తోందా, లిట్టర్ ట్రేలో మూత్రపు ముద్దలు పెద్దవవుతున్నాయా, మలం గట్టిపడి ముక్కుతోందా, వాంతులు ఎన్నాళ్ళకోసారి, ఒకవైపే నములుతోందా, నోట్లోంచి మెతుకులు జారవిడుస్తోందా, నడుము మీది వెంట్రుకలు అట్టకట్టాయా అన్నవి ముఖ్యం. నడుము దాకా ఒళ్ళు తిప్పి నాక్కోలేకపోతే అక్కడి బొచ్చు ముందుగా చెడుతుంది. రాత్రుళ్ళు కారణం లేకుండా అరుస్తోందంటే మతిమరుపు అని ఒక్కమాటలో తేల్చేయకండి, బీపీ, థైరాయిడ్, నొప్పి, చెవుడు కూడా అలా అరిపిస్తాయి. అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఒక నిమిషంలో ఎన్నిసార్లు పొట్ట ఎగసిపడుతుందో లెక్కపెట్టండి, 30కి లోపు ఉండాలి. మెట్లు దిగడం, గెంతడం ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఆసుపత్రి నేల మీద భయంతో నక్కి కూర్చున్న పిల్లి నడక వైద్యుడికి ఎప్పటికీ కనిపించదు. తినే ఆహారం, వేస్తున్న మందులు, పొడులు, అన్నిటి పొట్లాలకూ ఫొటోలు తీయండి.

ఇక బోను. మీ పిల్లి భయం ఆసుపత్రిలో మొదలవడం లేదు, అటక మీంచి బోను దించిన చప్పుడుతోనే మొదలవుతోంది. ఏడాదికోసారి మాత్రమే కనిపించి, ప్రతిసారీ చెడు జరిగే చోటికే తీసుకెళ్ళే పెట్టెను చూసి పారిపోని జంతువు ఉండదు. కనీసం మూడు, నాలుగు వారాల ముందే దాన్ని దించి, తలుపు తీసేసి, పిల్లి రోజూ పడుకునే గదిలో ఒక మూల పెట్టండి. లోపల అది పడుకునే పాత గుడ్డ వేయండి. మొదట గుమ్మం దగ్గర, తర్వాత లోపల, దానికి ఇష్టమైన తిండి పెట్టండి, లోపలికి వెళ్ళినప్పుడు మాత్రం తలుపు వేయకండి. పై సగం ఊడదీయగలిగే గట్టి బోను అన్నిటికన్నా మంచిది. దానికో పెద్ద కారణం ఉంది: పై మూత తీస్తే పిల్లి తన గుడ్డ మీద, తన వాసనలో కూర్చునే ఉండగా పరీక్షలో చాలా భాగం చేసేయవచ్చు. బోనును నిలువుగా వంచి పిల్లిని బల్ల మీదకు జార్చడం, మెడ పట్టి బయటకు లాగడం వైద్యులు చేసినా సరే, వద్దని మర్యాదగా చెప్పే హక్కు మీకుంది.

ప్రయాణంలో బోను మీద పలచని తువ్వాలు కప్పండి, పిడి పట్టుకుని ఊపుతూ కాకుండా రెండు చేతులా అడుగు నుంచి పట్టుకుని మోయండి, కారులో ముందు సీటు వెనుక నేల మీద కదలకుండా ఉంచండి. ఆసుపత్రిలో నేల మీద పెట్టకుండా ఎత్తైన చోట, కుక్కలకు ఎదురుగా లేకుండా పెట్టండి. పిల్లి తన చోటని గుర్తుగా ముఖంతో రాసే వాసన పదార్థాన్ని (ఫెరమోన్) పోలిన స్ప్రేలు దొరుకుతాయి, పిల్లిని లోపల పెట్టడానికి ఓ పావుగంట ముందు గుడ్డ మీద చల్లాలి. కొన్నిటికి బాగా పనిచేస్తుంది, కొన్నిటికి ఏ తేడా ఉండదు.

బల్ల మీద మూత్రం పోసేంత భయపడే పిల్లికి ఇవి మాత్రమే చాలకపోవచ్చు. అలాంటి పిల్లులకు బయలుదేరడానికి రెండు, మూడు గంటల ముందు భయం తగ్గించే గాబాపెంటిన్ అనే మందు ఇవ్వడం ఇప్పుడు మామూలైంది. ముందుగా వైద్యుడితో మాట్లాడి మోతాదు రాయించుకోవాలి, కిడ్నీ సమస్య అనుమానం ఉంటే మోతాదు తగ్గిస్తారు. ఇంట్లో ఖాళీగా ఉన్న రోజున ఒకసారి వేసి చూస్తే ఎంత మగతగా ఉంటుందో, తూలుతుందో తెలుస్తుంది. మందు వేసి తీసుకొచ్చిన సంగతి పరీక్షకు ముందే చెప్పాలి. మనుషుల మందుల పెట్టెలోంచి మాత్రం ఏదీ తీసి వేయకండి. ఒక్క పారాసిటమాల్ మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు.

ఖాళీ కడుపు గురించి కూడా అపోహలున్నాయి. రక్తపరీక్షకు ముందు కొన్ని గంటలు తిండి ఆపమని చెబుతారు, ఎన్ని గంటలో అడిగి తెలుసుకోండి, అంతకన్నా ఎక్కువ మాడ్చకండి. నీళ్ళు ఎప్పుడూ ఆపకూడదు. మధుమేహం ఉన్న పిల్లి విషయంలో వైద్యుడు చెప్పకుండా తిండీ ఇన్సులిన్ వేళలూ మార్చకూడదు.

ఆసుపత్రి గదిలోకి వెళ్ళాక, మీరు ఆ వారంలో గమనించినవి మొత్తం చెబుతున్నంతసేపూ పిల్లిని ముట్టుకోకుండా వదిలేసే వైద్యుడు దొరికితే మీ అదృష్టం. ఆ అయిదు, పది నిమిషాల్లో అది కాస్త కుదుటపడుతుంది. మొదట బీపీ చూడాలి, సూదులు, థర్మామీటరు అన్నీ ఆ తర్వాతే. పద్ధతిగా చూస్తే ఇలా ఉంటుంది: ముందుకాలికి గానీ తోక మొదలుకు గానీ సన్నని పట్టీ చుడతారు, దాని వెడల్పు ఆ చోటి చుట్టుకొలతలో 30 నుంచి 40 శాతం ఉండాలి. రక్తప్రవాహాన్ని చప్పుడుగా వినిపించే డాప్లర్ యంత్రం ‘హుష్ హుష్’మనే చప్పుడుకు పిల్లి బెదరకుండా వైద్యుడు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటాడు. మొదటి కొలత వదిలేసి, తర్వాత వచ్చే అయిదు నుంచి ఏడు కొలతల సగటు తీస్తాడు. పై అంకె 160 దాటితే ఎక్కువ కిందే లెక్క, 180 దాటితే కళ్ళు, మెదడు, గుండె, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం గట్టిగా ఉంటుంది. భయంతో కూడా బీపీ పెరుగుతుంది కనుక, కంటి వెనుక పొరలో మార్పులేవీ లేకపోతే ఇంకో రోజు మళ్ళీ చూసిన తర్వాతే మందు మొదలుపెట్టడం పద్ధతి. అందుకే కళ్ళలోకి లైటు వేసి రెటీనా చూడటం బీపీ పరీక్షలో భాగమే అంటాను. చాలాచోట్ల బీపీ అడిగితే తప్ప చూడరు, మీరు అడగండి. ఎమ్లోడిపిన్ అనే మాత్రతో చాలా పిల్లుల్లో ఇది బాగా అదుపులోకి వస్తుంది. చూడకుండా వదిలేస్తే రెటీనా ఊడి, ఒక ఉదయం లేచేసరికి పిల్లికి చూపు పోయి ఉండవచ్చు.

తర్వాత చేతులతో చేసే పరీక్ష. మెడ కింద గొంతుకకు ఇరువైపులా వేళ్ళతో జార్చి చూస్తారు. మామూలుగా పిల్లి థైరాయిడ్ చేతికి తగలదు, చిన్న గింజలాంటిది జారుతూ తగిలితే రక్తంలో టీ4 (థైరాయిడ్ హార్మోన్) పరీక్ష తప్పనిసరి. వెన్నెముక వెంట కండ ఎంత ఉందో విడిగా చూడాలి, ఎందుకంటే పొట్ట కింద కొవ్వు వేలాడుతున్న పిల్లికి కూడా వీపు మీద కండ కరిగిపోయి ఉండవచ్చు. పొట్ట తడిమి కిడ్నీలు రెండూ ఒకే పరిమాణంలో ఉన్నాయా, పేగులు మందంగా ఉన్నాయా, ఏదైనా గడ్డ తగులుతోందా చూస్తారు. గుండె చప్పుడు, చర్మం, చెవులు, గోళ్ళు. ముసలి పిల్లుల గోళ్ళు లావెక్కి, వంకర తిరిగి మెత్తటి పాదంలోకి గుచ్చుకుపోవడం చూస్తుంటాం, బొటనవేలి గోరు మరీనూ. ఇంట్లో ఎవరూ చూడని చోటు అది.

రక్తం, మూత్రం విషయానికి వస్తే, నేను అడగమనేవి పూర్తి రక్తకణాల లెక్క, కిడ్నీ, లివర్, చక్కెర, పొటాషియం, ఫాస్ఫరస్ ఉన్న రక్త రసాయన పరీక్ష, మొత్తం టీ4, మూత్రం పరీక్ష. వీటిలో మూత్రాన్ని వదిలేయడం ఎక్కువ, తీయడం కష్టమని. కానీ మూత్రం లేకుండా క్రియాటినిన్ సగం మాటే చెబుతుంది. మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే విశిష్ట సాంద్రత 1.035కి పైన ఉంటే కిడ్నీలు నీటిని బాగానే పట్టి ఉంచుతున్నట్టు, దానికి తగ్గి ఉంటే కారణం వెతకాలి. మూత్రంలో పోతున్న ప్రొటీన్ కూడా చూడాలి. మూత్రాశయం నిండుగా ఉంటే పొట్ట మీంచి సన్నని సూదితో తీస్తారు, చూడటానికి భయంగా ఉన్నా చాలా పిల్లులు దీన్ని రక్తం తీసినదాని కన్నా తేలిగ్గా భరిస్తాయి. మీ పిల్లి అక్కడిదాకా ఆపుకోలేకపోతే, నీరు పీల్చని పూసల్లాంటి లిట్టర్ దొరుకుతుంది. శుభ్రమైన ట్రేలో అది పోసి, పిల్లి పోసిన మూత్రాన్ని సిరంజితో తీసి, ఫ్రిజ్‌లో ఉంచి వీలైనంత త్వరగా అందజేయవచ్చు.

ఫలితాలు చదివేటప్పుడు రెండు చోట్ల తప్పుదారి పట్టే అవకాశముంది. ఒకటి చక్కెర. భయపడిన పిల్లి రక్తంలో చక్కెర, మధుమేహం ఉన్న పిల్లిలో ఉన్నంత పైకి పోగలదు. ఫ్రక్టోసమైన్ పరీక్ష అంతకుముందు ఒకటి, రెండు వారాల సగటు చక్కెరను చెబుతుంది కనుక అనుమానం తీరాలంటే అది చేయించాలి. రెండోది థైరాయిడ్, కిడ్నీల పొత్తు. థైరాయిడ్ అతిగా పనిచేస్తే కిడ్నీలకు రక్తప్రవాహం పెరిగి క్రియాటినిన్ తగ్గి కనిపిస్తుంది, పైగా బక్కచిక్కిన పిల్లికి కండ కూడా ఉండదు. థైరాయిడ్‌కు మందు మొదలుపెట్టాక కిడ్నీ జబ్బు అప్పుడే పుట్టినట్టు బయటపడుతుంది. మందు వల్ల కిడ్నీ పాడైందని కొందరు మందు ఆపేస్తారు. అది సరికాదు, ఉన్నదే కనిపించింది. రెండింటికీ కలిపి చికిత్స సర్దుకోవాలి.

చేతికి, చెవికి, రక్తంలో ఏదీ అనుమానం తగలనప్పుడు ఒళ్ళంతా ఎక్స్‌రేలు, స్కానింగ్‌లు చేయించమని నేను చెప్పను. పిల్లి ఓపికకూ ఒక హద్దుంది, దాన్ని బీపీకీ మూత్రానికీ ఖర్చుపెట్టడం మేలు. టీకాల విషయంలో ఇంట్లోనే ఉండే పెద్ద పిల్లికి అన్నీ ఏటేటా అవసరం లేకపోవచ్చు, రేబిస్‌కు మాత్రం మీరున్న చోటి చట్టం ఏం చెబితే అది.

పళ్ళ గురించి మీరు అడగలేదు గానీ అడగాల్సిందే. చిగుళ్ళ దగ్గర పన్ను కరిగిపోయే జబ్బు పిల్లుల్లో చాలా ఎక్కువ, నొప్పి కూడా తీవ్రంగా ఉంటుంది, అయినా పిల్లి తింటూనే ఉంటుంది. పళ్ళ చికిత్స కోసం ఈ వయసులో మత్తు ఇస్తే తట్టుకుంటుందా అని భయపడి చాలామంది నొప్పితోనే ఏళ్ళు గడపనిస్తారు. వయసు మీరిందన్న ఒక్క కారణంతో మత్తు ఇవ్వకూడదనడం సరికాదు. బీపీ, గుండె, కిడ్నీ, థైరాయిడ్ ముందుగా చూసి, సరిచేయగలిగినవి సరిచేసి, మత్తులో ఉన్నంతసేపూ బీపీ, ఒంటి వేడి గమనించే ఏర్పాటున్న చోట చేయిస్తే పదమూడేళ్ళ పిల్లులు చక్కగా కోలుకుంటాయి. మత్తు లేకుండా పళ్ళు గీకి తెల్లగా చేస్తామంటే ఒప్పుకోకండి. చిగురు కింద ఉన్న అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది.

బయటికి వచ్చే ముందు నివేదికలన్నిటి నకలు తీసుకోండి. ‘అన్నీ నార్మల్’ అన్న మాట మీద సరిపెట్టుకోకుండా అంకెలు తీసుకోండి, బరువు, బీపీ సహా. కిడ్నీ పేరెత్తితే చాలు కిడ్నీ జబ్బున్న పిల్లుల కోసం చేసే ప్రత్యేక ఆహారం మొదలుపెట్టేసేవాళ్ళున్నారు. నిర్ధారణ కాకముందే అది వద్దు, తగిన దశలో మొదలుపెడితే మాత్రం ఎంతో మేలు చేస్తుంది.

ఇంటికి వచ్చాక మీ రెండో పిల్లి దీన్ని చూసి బుస్సుమనవచ్చు. ఆసుపత్రి వాసన మోసుకొచ్చిన పిల్లి దానికి పరాయిది. రెండింటినీ కొట్లాడుకోనిచ్చి చూడకుండా, వచ్చినదాన్ని కొన్ని గంటలు, అవసరమైతే ఆ రాత్రంతా వేరే గదిలో నీళ్ళు, ట్రే, పడకతో ఉంచండి. ఇంట్లోని గుడ్డతో ఒళ్ళు తుడిస్తే పాత వాసన తొందరగా వస్తుంది. గాబాపెంటిన్ ఇచ్చి ఉంటే మగత దిగేదాకా ఎత్తులు ఎక్కనివ్వకండి.

అంతా బాగుంటే మళ్ళీ ఆరు నెలలకు వెళితే చాలు, ఏదైనా అంకె కదిలితే ఎప్పుడు రావాలో వైద్యుడే చెబుతాడు. అయితే కొన్నిటికి తేదీ కోసం ఆగకూడదు. రోజంతా ఏమీ తినకపోవడం (లావుగా ఉన్న పిల్లి కొన్ని రోజులు తినకపోతే లివర్‌లో కొవ్వు చేరి ప్రాణం మీదకు వస్తుంది), నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ట్రేలో కూర్చుని ముక్కినా మూత్రం రాకపోవడం, కంటిపాపలు విప్పారి, చూపు ఆనక పిల్లి గోడలకు గుద్దుకోవడం, వెనక కాళ్ళు ఉన్నట్టుండి చచ్చుబడి పాదాలు చల్లబడి కేకలు పెట్టడం, ఇవి కనిపిస్తే అర్ధరాత్రయినా సరే అప్పటికప్పుడు తీసుకెళ్ళండి. ఆరోజు మూడు వారాల బోను అలవాటు, ఫెరమోన్ లాంటివేమీ చూసుకోనక్కర్లేదు, తువ్వాలులో చుట్టి తీసుకెళ్ళినా ఫర్వాలేదు.